బోవీ 'స్టార్‌మ్యాన్' పాటకి 'సా' ఎక్కడ?

నాలుగుశ్రుతి
మా అమ్మాయి కీబోర్డ్ క్లాసులో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ పాట 'స్టార్‌మ్యాన్' ఇచ్చారు. నేను పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఇంట్లో సంగీతం తెలిసినదాన్నన్న బిరుదు ఒకటి ఉంది కదా, అందుకని "అమ్మా, ఇది ఏ రాగం?" అని నన్నడిగింది. అదెంత పని అనుకుని శ్రుతి పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండు గంటలు పోయాయి, పప్పు మాడింది. మొదట్లో గిటార్ మోగేటప్పుడు ఆరున్నర శ్రుతి పెడితే కుదిరింది. చరణం మొదలవగానే అది జారిపోయింది, ఐదు పెట్టాను. పల్లవి వచ్చేసరికి నాలుగుకి దిగాల్సి వచ్చింది. 1972 నాటి పాప్ పాట, నాలుగు నిమిషాల చిల్లర. అందులో మూడుసార్లు శ్రుతి మార్చడం ఏంటండీ? అసలు దీనికి 'సా', అంటే పాట ఇల్లు అనుకునే ఆధార స్వరం, ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

కీబోర్డ్_కిట్టు
ఎఫ్. అంటే నాలుగు శ్రుతి. మీ పేరే జవాబు.

నాలుగుశ్రుతి
నా పేరు చూసి చెప్పారా, పాట విని చెప్పారా?

చినుకు
పప్పు సంగతి ముందు తేల్చండి. కుక్కరా, గిన్నెనా?

కీబోర్డ్_కిట్టు
వినే చెప్పానండీ. పదిహేనేళ్లుగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను, ఎవరో ఒకరు పాడుతూ పాడుతూ శ్రుతి మార్చేస్తే వెంట పరిగెత్తడమే నా ఉద్యోగం. మీ చెవి తప్పేం లేదు. మొదట్లో రెండే కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) అటూ ఇటూ ఊగుతుంటాయి. బీ ఫ్లాట్ మేజర్ సెవెన్, తర్వాత ఎఫ్ మేజర్ సెవెన్. ముందు వినిపించేది బీ ఫ్లాట్, అంటే మీ ఆరున్నర, కాబట్టి చెవి దాన్నే ఇల్లు అనుకుంటుంది. పైగా రెండూ సెవెన్ కలిపిన కార్డులు, ఏదీ గట్టిగా నేల మీద కాలు మోపదు. చరణం జీ మైనర్‌తో మొదలవుతుంది. జీ అంటే మీ ఐదు. అక్కడి నుంచి ఎఫ్, తర్వాత సీ. ఎఫ్ మధ్యలో కనపడుతుంది కానీ దారిలో ఎదురైన పొరుగింటివాడిలా పలకరించి పోతుంది. పల్లవి మొదటి మాట మీద మాత్రం ఎఫ్ తలుపు తెరుచుకుని నిలబడి ఉంటుంది. బోవీ కావాలనే అంతవరకూ దాచిపెట్టాడు.

తంబూరా_తాతయ్య
అమ్మా, నువ్వు శ్రుతి మూడుసార్లు మార్చావంటే నీకు నేర్పినవాళ్లు బాగా నేర్పారు. నాకు ఈ బోవీ ఎవరో నిన్నటిదాకా తెలియదు. మనవడి చేత పెట్టించుకుని విన్నాను. ఎఫ్‌ని సా అనుకుంటే పాటకి అడుగున ఉన్నది శంకరాభరణం. శంకరాభరణంలో మధ్యమాన్ని సా చేసుకుంటే ఏమవుతుంది? కల్యాణి. ఎఫ్‌కి మధ్యమం బీ ఫ్లాటే. అందుకే మొదట్లో నీకు ఆరున్నర కుదిరింది, ఆ తేలిపోతున్నట్టుండే గుణం కల్యాణి ప్రతిమధ్యమానిది. అదే శంకరాభరణంలో రిషభాన్ని సా చేసుకుంటే ఖరహరప్రియ. ఎఫ్‌కి రిషభం జీ. చరణం జీ మైనర్‌తో మొదలవుతుందని పై అబ్బాయి చెప్పాడు కదా, అందుకే ఐదు కుదిరింది. నువ్వు రెండు గంటలు పాడుచేసుకోలేదు. సా చోటు మార్చి ఇంకో రాగం వినడం, అంటే గ్రహభేదం, చేశావు.

నాలుగుశ్రుతి
తాతయ్యగారూ, నా పప్పుకి న్యాయం జరిగింది.

ముక్కుసూటి
ఇక్కడే నాకు అభ్యంతరం. లండన్‌లో ఓ కుర్రాడు పన్నెండు తీగల గిటార్ పట్టుకుని రాసిన పాటకి కల్యాణి, ఖరహరప్రియ అని పేర్లు అంటిస్తే ఏమొస్తుంది? రాగమంటే స్వరాల జాబితా కాదు. గమకం ఏది, జీవస్వరం ఏది, ఆరోహణ అవరోహణ ఏవి? ఈ లెక్కన డోర్‌బెల్ కూడా ఏదో ఒక రాగమే.

తంబూరా_తాతయ్య
మా డోర్‌బెల్ మోహనే నాయనా. బ్యాటరీ అయిపోయినప్పుడు ముఖారి.

ముక్కుసూటి
😀 సరే, అది ఒప్పుకున్నా. కానీ అసలు విషయం మారదు. ఇది కార్డుల మీద నడిచే పాట, కార్డులతోనే చూడాలి.

గిటార్_గిరి
ముక్కుసూటి అన్నతో సగం ఏకీభవిస్తా. కానీ తాతయ్యగారు "ఇది కల్యాణి రాగం" అనలేదు, "మధ్యమం సా లాగా వినిపిస్తోంది" అన్నారు. పాశ్చాత్యంలో దాన్నే లిడియన్ అంటారు. రెండు భాషల్లో ఒకే మాట.

నన్ను ఎక్కువగా పట్టుకున్న చోటు వేరే. చరణం అయిపోయి పల్లవి వచ్చే ముందు టెలిగ్రాఫ్ కొట్టినట్టు టక టకటక అని ఒక చప్పుడు వస్తుంది, గుర్తుందా? కథలో అది ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్. కుర్రాడు రాత్రి రేడియో వింటుంటే పాట పలచబడిపోయి ఇంకెవరిదో గొంతు వినిపిస్తుంది. సరిగ్గా ఆ చోట కార్డులు ఏ మేజర్, జీ మేజర్. ఈ రెండూ ఎఫ్ ఇంటివి కావు, నిజంగానే వేరే గ్రహం నుంచి దిగినవి. వాటి తర్వాత ఎఫ్. ఏ, జీ, ఎఫ్. మీ లెక్కలో గ, రి, స. మెట్లు దిగినట్టు కింద బాస్ దిగుతుంది, దిగి సా మీద కాలు పెట్టగానే బోవీ గొంతు ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. కింద దిగడం, పైన ఎగరడం, రెండూ ఒకే చోట. గిటార్ మీద ఆ మూడు కార్డులు ఊరికే వాయించినా ఒళ్లు జలదరిస్తుంది.

పాతక్యాసెట్
ఆ టకటక రికార్డుని బట్టి మారుతుంది. ఒక మిక్స్‌లో పెద్దగా ముందుకొచ్చి ఉంటుంది, ఇంకోదాంట్లో వెనక్కి తగ్గించారు. నా దగ్గరున్న కాపీలో చాలా మెల్లగా ఉంది. అన్నేళ్లూ అది క్యాసెట్ అరిగిన చప్పుడు అనుకున్నాను 🤦

సందేహాలరావు
ఎగరడం అంటే ఎంత? నాకు ఏదో పెద్ద స్వరంలా వినిపిస్తుంది తప్ప లెక్క తెలియదు.

గిటార్_గిరి
ఒక స్థాయి మొత్తం. 'స్టార్' కింద, 'మ్యాన్' అదే స్వరం పై స్థాయిలో. మధ్యలో మెట్టు లేదు.

ముక్కుసూటి
అది కూడా సొంతం కాదు. 1939లో 'విజార్డ్ ఆఫ్ ఆజ్' సినిమాలో జూడీ గార్లండ్ పాడిన 'ఓవర్ ది రెయిన్‌బో' మొదటి మాట ఇదే గెంతు. ఆ టకటక గిటార్ వింటే సుప్రీమ్స్ వాళ్ల 'యూ కీప్ మీ హ్యాంగిన్ ఆన్' గుర్తొస్తుంది. చివర్లో లాలలా కోరస్ చూస్తే టీ రెక్స్ బృందం పాట 'హాట్ లవ్' 1971లో అలాగే లాలలా అంటూ ముగిసి, బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఇవన్నీ ఏరుకుని కుట్టిన బొంత.

పాతక్యాసెట్
బొంతే వెచ్చగా ఉంటుంది కదా బ్రదర్.

కీబోర్డ్_కిట్టు
ముక్కుసూటి గారూ, బోవీ ఆ సంగతి దాచలేదు. 1972 ఆగస్టులో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో పాడినప్పుడు ఈ పల్లవిలోకి 'ఓవర్ ది రెయిన్‌బో' మాటలే తెచ్చి కలిపాడు. దొంగ తన సంచి తానే విప్పి చూపించినట్టు. అయినా ఆ గెంతు రెండు పాటల్లో ఒకటే కావచ్చు కానీ చేసే పని ఒకటి కాదు. అక్కడ పాట గెంతుతోనే మొదలవుతుంది, విన్నవాడు ఎదురుచూసింది ఏమీ లేదు. ఇక్కడ నిమిషం పైన సా దొరక్కుండా తిప్పి తిప్పి, దొరికిన క్షణానే పైకి విసిరాడు. వరస అప్పు తెచ్చుకోవచ్చు, ఆ సమయం అప్పు దొరకదు.

బాస్_భాను
👆 ఇది.

లండన్_చలి
సంగీతం మీరు చూసుకోండి, నేను ఊరి సంగతి చెప్తా. మా ఆఫీసు రీజెంట్ స్ట్రీట్ దగ్గర. మధ్యాహ్నం తిండికి వెళ్లే సందులో ఒకటి హెడన్ స్ట్రీట్. 'జిగ్గీ స్టార్‌డస్ట్' అని ఈ పాట ఉన్న ఆల్బం అట్ట మీద బోవీ గిటార్ వేలాడేసుకుని కాలెత్తి నిలబడిన చోటు అదే. 2012లో గోడకి ఒక పలక పెట్టారు. జిగ్గీ అనేది లేని మనిషి, కథలో పాత్ర. అలాంటి పాత్రకి గోడ మీద పలక పెట్టడం అరుదని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత మన ఊళ్లలో విగ్రహాలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

రికార్డింగ్ జరిగిన ట్రైడెంట్ స్టూడియో కూడా అక్కడికి దూరమేం కాదు, సోహోలో సెయింట్ ఆన్స్ కోర్ట్ అని ఇరుకు సందు. రెండూ చూడ్డానికి మన సుల్తాన్‌బజార్ గల్లీల్లా ఉంటాయి, చలి తప్ప.

చినుకు
నాకు ఈ కార్డులేవీ తెలియవు కానీ ఒకటి అడుగుతా. ఈ పాట ఇంత పేరు తెచ్చుకున్నది సంగీతం వల్లనా, వేషం వల్లనా? యూట్యూబ్‌లో చూశాను. రంగురంగుల గళ్ల సూటు, ఎర్రజుట్టు, నీలం గిటార్. పక్కనున్న గిటారిస్టు భుజం మీద చెయ్యి వేసి పాడతాడు. మా నాన్న అయితే టీవీ కట్టేసేవాడు.

లండన్_చలి
చాలా ఇళ్లలో నాన్నలు అదే చేసి ఉంటారు. అది బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్', 1972 జూలై 6న వచ్చింది. అప్పట్లో పిల్లలందరూ చూసే ప్రోగ్రాం. పాట ఏప్రిల్‌లోనే వచ్చినా నెమ్మదిగా పాకుతూ ఉంది. ఆ టీవీ తర్వాతే పైకి లేచి పదో స్థానం దాకా వెళ్లింది. కాబట్టి వేషానికి వాటా ఉంది.

ముక్కుసూటి
అదే నేననేది. గ్లామ్ రాక్ అంటేనే మెరుపులు. టీ రెక్స్ గాయకుడు మార్క్ బోలన్ కళ్ల కింద తళుకు రాసుకుని టీవీలో కనపడటంతో మొదలైంది కథ. సంగీతం తర్వాత.

గిటార్_గిరి
ఆ టీవీలో జనం గుర్తుపెట్టుకున్న క్షణం ఏది? బోవీ కెమెరా వైపు వేలు చూపించి "నువ్వే" అన్నట్టు పాడిన క్షణం. అది రెండో చరణంలో, కుర్రాడు ఫోన్ తీసి ఎవరికో ఒకరికి చెప్పాలని ఆత్రపడే చోట. అప్పటికి పల్లవి ఒకసారి వినేశాం, ఇల్లు ఎక్కడో తెలిసిపోయింది, మళ్లీ జీ మైనర్‌లోకి తీసుకెళ్లిపోయాడు. ఎదురుచూపు రెండోసారి మొదలైన చోట వేలు చూపిస్తాడు. మెరుపు సరైన చోట పడటానికి కింద సంగీతం పని చేస్తోంది.

ముక్కుసూటి
ఇది కొంచెం లాగినట్టుంది. వేలు చూపించింది మాటలో 'నువ్వు' ఉంది కాబట్టి. జీ మైనర్ వల్ల కాదు.

గిటార్_గిరి
సరే, అది లాగానేమో. 🙂

కీబోర్డ్_కిట్టు
భుజం మీద చెయ్యి వేయించుకున్నాయన గురించి ఒక్క ముక్క. మిక్ రాన్సన్. హల్ పట్టణం మనిషి, అక్కడ మునిసిపాలిటీ పార్కుల్లో తోటపని చేసేవాడు. చిన్నప్పుడు పియానో, వయొలిన్ నేర్చుకున్నాడు. ఈ పాటలో వెనక వచ్చే వయొలిన్ల అమరిక అంతా ఆయనదే. పల్లవిలో వయొలిన్లు లేకపోతే ఆ ఎగిరిన గొంతు గాల్లో ఒంటరిగా వేలాడేది. నాలుగుశ్రుతి గారూ, మీ వాద్యమే కాపాడింది.

నాలుగుశ్రుతి
తోటమాలి వయొలిన్! మా అమ్మాయికి చెప్పాలి. వయొలిన్ అంటే ముసలివాళ్ల వాద్యం అంటుంది.

కిట్టుగారూ, ఒక చోట ఇంకా ఇరుక్కుంటున్నా. పల్లవి రెండో సగంలో ఏదో గుండె జారినట్టు అనిపించే చోటు ఉంది. ధైవతం మీద. అది మొదట చతుశ్రుతిలా (పై ధైవతం), వెంటనే శుద్ధంలా (అరమెట్టు కింద) వినిపిస్తోంది. నా చెవేనా?

కీబోర్డ్_కిట్టు
మీ చెవికి దండం. అక్కడ కార్డు బీ ఫ్లాట్ మేజర్, వెంటనే బీ ఫ్లాట్ మైనర్, తర్వాత ఎఫ్. మేజర్ నుంచి మైనర్‌కి మారేటప్పుడు కదిలేది ఒక్క వేలే. డీ నుంచి డీ ఫ్లాట్. అంటే మీ చతుశ్రుతి ధైవతం శుద్ధ ధైవతం అవుతుంది. ఎఫ్‌కి వెళ్లగానే అదే వేలు ఇంకో అరమెట్టు దిగి సీ మీదకి, పంచమం మీదకి వస్తుంది. ద, కింద ద, ప. మూడు మెట్లు మెత్తగా దిగుతాడు. సా నుంచి నాలుగో స్వరం మీద మైనర్ కార్డు కదా, ఆర్కెస్ట్రాలో మేం దీన్ని 'ఏడుపు నాలుగు' అంటాం. పెళ్లికూతురిని అప్పగించే టైంలో ఏ పాట వాయించినా ఈ కార్డు ఒకటి పెడితే ముందు వరసలో ఇద్దరికైనా కళ్లు తడుస్తాయి. కేటరింగ్ వాళ్లు కూడా ఆగి చూస్తారు.

తంబూరా_తాతయ్య
శంకరాభరణంలో ధైవతం ఒక్కటే శుద్ధం చేస్తే సరసాంగి. ఇరవై ఏడో మేళకర్త రాగం. ఒక్క రెప్పపాటు సరసాంగిలోకి తొంగిచూసి వెనక్కొచ్చాడు.

ముక్కుసూటి
మళ్లీ మొదలు 😅

బాస్_భాను
తాతయ్యగారిని ఆపకండి, నేను నోట్స్ రాసుకుంటున్నా. ఒక చిన్న చేర్పు. గిరి చెప్పిన టకటక చోట ఏ మేజర్‌లో సీ షార్ప్ ఉంటుంది. కిట్టుగారు చెప్పిన డీ ఫ్లాట్, ఈ సీ షార్ప్, కీబోర్డ్ మీద ఒకటే నల్ల మీట. పల్లవికి ముందు గ్రహాంతర సిగ్నల్‌లా వినపడిన మీటే పల్లవి లోపల ఏడుపులా వినపడుతుంది. ఇది బోవీ అనుకుని చేశాడని నేననను. చెవికి మాత్రం చుట్టరికం తెలుస్తుంది.

ముక్కుసూటి
మీట ఒకటే, పని వేరు. ఒకే కత్తితో కూర తరగొచ్చు, కవరు చింపొచ్చు.

చినుకు
మా ఇంట్లో రెండింటికీ అదే కత్తి. చుట్టరికం ఉంది.

సందేహాలరావు
ఈ పాట ఆల్బం కోసం రాసింది కాదు, కంపెనీ అడిగితే రాశాడని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాతక్యాసెట్
నిజమే. ఆల్బం సిద్ధమైందనుకున్నాక ఆర్‌సీఏ రికార్డు కంపెనీలో డెనిస్ కాట్జ్ అనే ఆయన సింగిల్‌గా (విడి రికార్డుగా) వేయడానికి ఒక పాట కావాలన్నాడు. 1972 ఫిబ్రవరిలో దీన్ని రికార్డు చేసి, చక్ బెర్రీ పాట ఒకటి తీసేసి ఆ స్థానంలో పెట్టారు. అంటే ఆల్బంలో కథకి దారి చూపించే పాటే చివరి నిమిషంలో వచ్చి చేరింది. మన దగ్గర డిస్ట్రిబ్యూటర్ అడిగాడని ఐటం సాంగ్ పెడతారు, అక్కడ ఇది పుట్టింది.

నాలుగుశ్రుతి
అందరికీ ఒక వార్త. మీ చర్చ అంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. అది ఏం చేసిందంటే, రంగు స్టిక్కర్లు తెచ్చుకుని పాటలో ఏ కార్డు వస్తే ఆ కార్డులోని మీటల మీద అంటించుకుంటూ పోయింది. శంకరాభరణం ఏడూ ముందే అంటించేసింది. చరణం మధ్యలో ఏ ఫ్లాట్ కార్డు వస్తుంది, దానితో ఏ ఫ్లాట్, ఈ ఫ్లాట్. టకటక చోట సీ షార్ప్, జీ కార్డులో బీ. మిగిలింది ఎఫ్ షార్ప్ ఒక్కటే. అది లేదులే అనుకున్నాం. 'ఏడుపు నాలుగు' అయిపోయి ఎఫ్ రాగానే వెంటనే డీ సెవెన్ ఉంది. అందులో ఎఫ్ షార్ప్!

పన్నెండు స్వరస్థానాలూ అయిపోయాయి. ఒక్క మీట ఖాళీ లేదు.

"అమ్మా, ఏ రాగం అంటే ఇప్పుడు ఏం చెప్పాలి?" అంది.

తంబూరా_తాతయ్య
పన్నెండా? నేను లెక్క మళ్లీ వేశాను. పన్నెండే. సరసాంగి అన్నమాట వెనక్కి తీసుకోను కానీ, కొంచెం మెల్లగా అంటాను.

ముక్కుసూటి
నేను మొదటి నుంచీ చెప్పింది ఇదే. కానీ ఒప్పుకోవాలి, ఆ లెక్క నాకూ తట్టలేదు. పన్నెండు వాడి కూడా పల్లవి వీధిలో పిల్లలు పాడుకునేలా ఉంది. అది ఎలా కుదిరింది?

గిటార్_గిరి
గొంతు చాలావరకు శంకరాభరణం ఏడింటి మీదే నడుస్తుంది కదా. బయటి ఐదూ ఎక్కువగా కింద కార్డుల్లో వచ్చి పోతాయి. పాడేవాడికి సులువు, వినేవాడికి వింత. చివర్లో చూడండి, లాలలా దగ్గర ఆ ఐదూ మాయం. బీ ఫ్లాట్, ఎఫ్, సీ, ఎఫ్, అంతే. మూడు కార్డులు తిప్పి తిప్పి వినపడీ వినపడకుండా తగ్గిపోతుంది. అంతసేపు తిప్పి చివరికి బడిపిల్లల పాటలో వదిలేశాడు.

కీబోర్డ్_కిట్టు
ఆ చివరి లాలలా మొదట్లో వచ్చిన రెండు కార్డులతోనే మొదలవుతుంది, గమనించారా? బీ ఫ్లాట్, ఎఫ్. ముందు అవి సెవెన్‌తో మసకగా ఉన్నాయి, ఇప్పుడు కళ్లద్దాలు తుడుచుకున్నట్టు స్పష్టంగా ఉన్నాయి. మొదట్లో ఏది ఇల్లో తెలియలేదు. ఇప్పుడు అవే కార్డులు వింటుంటే ఎవరికీ అనుమానం రాదు.

సందేహాలరావు
ఎలాన్ మస్క్ 2018లో కారులో కూర్చోబెట్టి ఆకాశంలోకి పంపిన బొమ్మ పేరు కూడా స్టార్‌మ్యానే కదా. దానికి ఏ శ్రుతి?

చినుకు
గాలి లేదు, శ్రుతి లేదు.

నాలుగుశ్రుతి
చివరి అప్‌డేట్. నిన్న రాత్రి పద్దెనిమిదేళ్ల తర్వాత వయొలిన్ పెట్టె తీశాను. రెండు తీగలు తెగి ఉన్నాయి, మిగిలిన రెండింటితోనే కానిచ్చాం. అమ్మాయి కార్డులు పట్టుకుంది, నేను కిట్టుగారు చెప్పిన ద, కింద ద, ప లాగాను. మొదటిసారి అలవాటుకొద్దీ ధైవతానికి గమకం పెట్టేశాను. అమ్మాయి "అమ్మా, ఊపకు" అంది. ఊపకుండా లాగితే అచ్చం రికార్డులో ఉన్నట్టే వచ్చింది, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడే పక్కగదిలోంచి మా నాన్న అరిచారు: "ఆ ధైవతం తప్పు, మళ్లీ వాయించు!"

తంబూరా_తాతయ్య
నాన్నగారి చేత ఇక్కడ అకౌంట్ తెరిపించమ్మా. నాకు తోడు కావాలి.